మోడల్ రైలు పాయింట్ల దగ్గర షార్ట్: అపోహలు, వాస్తవాలు

మోడల్ రైల్వే లేఅవుట్లకు వైరింగ్ చేస్తుంటాను. ఎవరు పిలిచినా మొదట వినే మాట ఇదే: "బండి పాయింట్ మీదికి రాగానే లేఅవుట్ అంతా ఆగిపోతోందండీ." పాయింట్ అంటే ఒక దారి రెండుగా చీలే చోటు. కంట్రోలర్ పాడైందని కొందరు, పాయింట్లే నాసిరకమని కొందరు తేల్చేస్తారు. చాలాసార్లు రెండూ బాగానే ఉంటాయి.

ముందు అసలు సంగతి చెబుతాను. రెండు పట్టాలకూ ఎప్పుడూ ఎదురెదురు పోలారిటీ ఉంటుంది. పాయింట్‌లో తిన్నగా వెళ్లే దారి లోపలి పట్టా, పక్కకు తిరిగే దారి లోపలి పట్టా ఒకచోట కలుస్తాయి. దాన్ని మోడలర్లు ఫ్రాగ్ అంటారు, మన రైల్వేవాళ్లు క్రాసింగ్ అంటారు. ఆ ముక్కకు ఒక దారిలో ఒక పోలారిటీ కావాలి, రెండో దారిలో దానికి ఎదురుది కావాలి. చిక్కంతా అక్కడే: ఎదురు పోలారిటీలు ఒకదాన్నొకటి తాకితే షార్ట్.

అపోహ: ఫ్రాగ్ ప్లాస్టిక్‌దైతే షార్ట్ రాదు

పెకో కంపెనీ ఇన్సల్‌ఫ్రాగ్, అంటే ప్లాస్టిక్ ఫ్రాగ్ ఉన్న పాయింట్, కొన్న చాలామంది నమ్మకం ఇది. గదిలో లైట్లు ఆర్పేసి, కళ్లు పట్టాల ఎత్తుకు దించి, ఇంజన్‌ను నెమ్మదిగా నడిపించి చూడండి. ప్లాస్టిక్ ముక్క అయిపోయి లోహపు పట్టాలు రెండూ మొదలయ్యే చోట వాటి మధ్య సందు చాలా సన్నం. చక్రం కాస్త వెడల్పుగా ఉంటే ఒకేసారి రెండింటినీ తాకుతుంది, నీలంగా ఓ చిన్న నిప్పురవ్వ మెరుస్తుంది. మీ షార్ట్ అదే.

ఆ రెండు కొనల మీద సెంటీమీటరు మేర నెయిల్ పాలిష్ రెండు పూతలు వేసి ఆరనివ్వండి. బండి ఆగకుండా వెళ్లిపోతే జబ్బు దొరికినట్టే. పాలిష్ నడిచేకొద్దీ అరిగిపోతుంది కాబట్టి అది శాశ్వత మందు కాదు. పట్టాలు ఒకదానికొకటి బాగా దూరమయ్యే చోట రెండింటినీ సన్నని రంపంతో కోసి, సందులో ఎపాక్సీ నింపి, అవతలి భాగానికి విడిగా ఫీడర్ (పట్టాకు కరెంటు తెచ్చే తీగ) ఇవ్వాలి. పాత డీసీ కంట్రోలర్‌తో ఇదే పాయింట్ ఏళ్ల తరబడి నడిచి ఉండొచ్చు. క్షణకాలం షార్ట్‌కు అప్పుడు ఇంజన్ ఓసారి తడబడి ముందుకు పోయేది. డీసీసీలో, అంటే పట్టాల ద్వారానే ఒక్కో ఇంజన్‌కు డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతిలో, పట్టాలకు కరెంటు ఇచ్చే బూస్టర్ మాత్రం ఆ క్షణంలోనే కట్ చేస్తుంది.

అపోహ: ఎలక్ట్రోఫ్రాగ్ డీసీసీకి పనికిరాదు

ఎలక్ట్రోఫ్రాగ్ అంటే ఫ్రాగ్ కూడా లోహందే అయిన పాయింట్. నన్నడిగితే నాలుగు చక్రాల షంటింగ్ ఇంజన్లున్నవాళ్లు ఇదే కొనాలి. ప్లాస్టిక్ ఫ్రాగ్ మీద అవి కరెంటు అందక నిలబడిపోతాయి. షరతు ఒక్కటే. ఫ్రాగ్ నుంచి బయటికి వెళ్లే లోపలి పట్టాలు రెండింటికీ ప్లాస్టిక్ జాయినర్లు (కరెంటు పారనివ్వని అతుకులు) ఉండాలి. ఒకదానికి పెట్టి రెండోది మరచిపోయిన లేఅవుట్లు ఎన్ని చూశానో లెక్కలేదు.

ఇంకో సంగతి. చాలావాటిలో టంగ్ రైళ్లు (దారి మార్చడానికి అటూ ఇటూ కదిలే పట్టాలు) రెండూ ఫ్రాగ్‌తో కలిసే ఉంటాయి. అంటే తెరుచుకున్న టంగ్ రైలుకూ పక్కనున్న స్టాక్ రైలుకూ (కదలని బయటి పట్టాకూ) పోలారిటీ ఎదురు. జత చక్రాల మధ్య దూరం తగ్గితే చక్రం వెనక భాగం ఆ టంగ్ రైలుకు రాసుకుంటుంది. అందుకే ముందు ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికా మోడల్ రైల్వే సంఘం) గేజ్ పెట్టి చక్రాల మధ్య దూరం కొలవండి. ఆ తర్వాత పాయింట్ తిరగేసి, టంగ్ రైళ్లను ఫ్రాగ్‌తో కలిపే తీగలు కత్తిరించి, ఏ టంగ్ రైలును ఆ పక్క స్టాక్ రైలుకే కలిపి సోల్డర్ చేయండి. చక్రం రాసుకున్నా ఇక షార్ట్ రాదు.

అపోహ: టంగ్ రైలు తాకితే చాలు, ఫ్రాగ్‌కు కరెంటు వస్తుంది

పైన చెప్పిన తీగలు కత్తిరించకపోతే కొత్తలో వస్తుంది. దుమ్ము, పెయింట్, బ్యాలస్ట్ జిగురు చేరాక రాదు. పాయింట్ మోటర్‌లో ఉండే స్విచ్ వాడండి. టార్టాయిస్ అనే పాయింట్ మోటర్‌లో ఇలాంటి స్విచ్‌లు రెండుంటాయి. మధ్య తీగ ఫ్రాగ్‌కు, మిగతా రెండూ బస్ తీగలకు (లేఅవుట్ పొడవునా కరెంటు మోసే ప్రధాన తీగలకు). బండి ఫ్రాగ్ మీదికి వెళ్లగానే ట్రిప్ అయితే ఆ రెండూ తారుమారు చేయండి, అంతే.

అపోహ: బూస్టర్ ట్రిప్ అవుతుంది కాబట్టి భయం లేదు

ఒక మిత్రుడి లేఅవుట్‌లో దూరపు సైడింగ్‌కు సన్నని తీగలు వేశారు. అక్కడ షార్ట్ అయినా తీగల రెసిస్టెన్స్ వల్ల కరెంటు 5 ఆంపియర్ల పరిమితి దాటలేదు, బూస్టర్ కదల్లేదు. మేం టీ తాగి వచ్చేసరికి చక్రాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ ఫ్రేమ్ మెత్తబడి చక్రం ఓ పక్కకు ఒరిగిపోయింది. 15 వోల్ట్‌ల దగ్గర 4 ఆంపియర్లంటే 60 వాట్లు, మన మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే. ఆ 60లో కొంత తీగల్లో పోయినా, మిగిలింది చిన్న ప్లాస్టిక్ ఫ్రేమ్‌కు చాలా ఎక్కువ.

బస్‌కు ఇంటి వైరింగ్‌లో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయండి, ఫీడర్లు పొట్టిగా ఉంచండి. తర్వాత రూపాయి బిళ్ల తీసుకుని ప్రతి సెక్షన్‌లో, ప్రతి పాయింట్‌కు అవతల రెండు పట్టాల మీదా అడ్డంగా అదిమి పట్టండి. వెంటనే ట్రిప్ అవ్వాలి. కాలేదంటే బిళ్ల వెంటనే తీసేసి, అక్కడ ఇంకో ఫీడర్ దించి, మళ్లీ బిళ్ల పెట్టి చూడండి.