రొయ్య మీసంలో ముక్కు

భీమవరం దగ్గర వనామీ రొయ్యల చెరువు ఉన్న ఒక పాఠకుడు ఈ మధ్య ఇలా అడిగారు: "చెరువు నీళ్లు పచ్చగా, మడ్డిగా ఉంటాయి. రాత్రయితే అసలేమీ కనపడదు. అయినా చెక్ ట్రేలో మేత వేసి దింపితే కాసేపటికే రొయ్యలు చేరిపోతాయి. మేత ఎక్కడుందో వాటికెలా తెలుస్తుంది?"

వాసన వల్ల. మేతలోని చేపపొడి నుంచి అమైనో ఆమ్లాలు నీళ్లలోకి కరుగుతాయి, రొయ్య వాటిని పసిగడుతుంది. ఇంతవరకూ ఎవరైనా చెప్పేస్తారు. ఎలా పసిగడుతుందన్నదే అద్భుతం.

రొయ్యకు మీసాలు రెండు జతలు. వంటింట్లో మన కంటబడే పొడుగాటివి ముఖ్యంగా తాకి తెలుసుకోవడానికి. వాటి పక్కన చీలి ఉండే పొట్టి జత ఒకటి ఉంటుంది. ముక్కు అంటే అదే. డిగ్రీలో జువాలజీ చదివినవాళ్లు రొయ్య 19 జతల ఉపాంగాల పేర్లూ వల్లె వేసే ఉంటారు. ఈ పొట్టి మీసం మొదట్లో ఉండే స్టాటోసిస్ట్‌ను, అంటే ఒళ్లు ఒరగకుండా చూసే సమతుల్య అవయవాన్ని, తీసి స్లైడ్ మీద పెట్టి మార్కులు తెచ్చుకునే ఉంటారు. పోటీ పరీక్షల వాళ్లకైతే "గుండె తలలో ఉండే జీవి ఏది?" అన్న బిట్ ఉండనే ఉంది. నిజానికి ఆ గుండె ఉండేది తలా వక్షమూ కలిసిపోయిన శిరోవక్షంలో, అదీ వక్షం వైపు. ఇలాంటి సగం నిజాలు బట్టీ పట్టించి, ఆ మీసం చేసే పనిని పిల్లలకు చెప్పకుండా వదిలేయడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఆ పనిని అందరికన్నా బాగా చూపించింది రొయ్యకు చుట్టమైన లాబ్‌స్టర్. కరీబియన్ సముద్రంలో పానులిరస్ ఆర్గస్ అనే ముళ్ల లాబ్‌స్టర్ ఉంది. దాని పొట్టి మీసం బయటి పాయ మీద సన్నని రోమాలు వరసగా, దట్టంగా ఉంటాయి. వీటిని ఈస్తటాస్క్‌లు అంటారు. లాబ్‌స్టర్ ఆ పాయను మాటిమాటికీ చటుక్కున కిందికి విదిలించి, నింపాదిగా పైకి తెస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీకి చెందిన మిమి కోల్ బృందం 2001లో ఇదే లాబ్‌స్టర్ "ముక్కు ఎగబీల్చడం" అని ప్రయోగాలతో చూపించింది.

అంత సన్నని రోమాల దగ్గర నీరు మనకు తెలిసిన నీరులా ప్రవర్తించదు. ఆముదంలో దువ్వెన పెట్టి మెల్లగా జరిపి చూడండి. ఆముదం పళ్ల సందుల్లోంచి పోదు, దువ్వెన మొత్తాన్నీ ఒక పలకలా అనుకుని చుట్టూ తిరిగి పోతుంది. సందుల్లో ఉన్న ఆముదం దువ్వెనతోపాటే కదులుతుంది. వేగం పెంచితే ఒక్కో పంటికీ అంటుకున్న పొర పలచబడి, సందుల్లోంచి కొంత పారడం మొదలవుతుంది. రోమాల మధ్య నీటి సంగతీ ఇంతే. విదిలించినప్పుడు వేగం ఎక్కువ, పాత నీరు కొట్టుకుపోయి కొత్త నీరు సందుల్లోకి దూరుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు వేగం తక్కువ, ఆ నీరు అక్కడే చిక్కుకుపోతుంది. మళ్లీ విదిలించేదాకా కదలదు. ఈలోగా వాసన అణువులు రోమాన్ని చేరడానికి పోవాల్సిన దూరం చాలా కొద్ది.

నన్ను కట్టిపడేసేది ఇందులోని కొలత. రోమాల మందం, వాటి మధ్య ఎడం, మీసం వేగం కలిసి ఆ నీటి తీరును నిర్ణయిస్తాయి. నీటి జిగటది పైచేయా, దాని ఊపుదా అని చెప్పే రెనాల్డ్స్ సంఖ్య ఇక్కడ సుమారు 1 దగ్గర తచ్చాడుతుంది. వేగం కొంచెం మారితే పారే నీరు బాగా మారిపోయే మలుపు సరిగ్గా అక్కడే ఉంది. రోమాలు మరీ దగ్గరైతే ఎంత విదిలించినా నీరు దూరదు. మరీ ఎడమైతే మెల్లగా కదిపినా జారిపోతుంది.

ఇంత కష్టం ఎందుకంటే, నీళ్లలో వాసన సాఫీగా పరుచుకోదు. సన్నని పోగులుగా చీలి కొట్టుకొస్తుంది, పోగుకూ పోగుకూ మధ్య ఏ వాసనా లేని నీరుంటుంది. కోల్ బృందం రంగు కలిపిన నీటిని లేజర్ వెలుగులో చూసింది. ఒక్క విదిలింపులో ఆ పోగుల అమరిక చెదరకుండా రోమాల మధ్యకు వచ్చేస్తోంది. అంటే లాబ్‌స్టర్ వాసనను ముక్కలు ముక్కలుగా కోసి చూస్తోందన్నమాట.

కుక్క కూడా వాసన చూసేటప్పుడు సెకనుకు 5 సార్ల వరకూ ఎగబీలుస్తుంది. బయటికి వదిలే గాలిని ముక్కు పక్క చీలికల గుండా పంపేస్తుంది, ఎదురుగా ఉన్న వాసన చెదరకుండా. పాము నాలుక ఆడించేదీ ఇందుకే. ఆ నాలుకలోనే విషం ఉందని, దాన్ని చాపితే కాటు వేస్తుందని మన ఊళ్లలో ఇప్పటికీ భయపడతారు. నాలుకలో విషం లేదు. పాము దాంతో అణువులను ఏరి నోటి పైకప్పులో ఉన్న జాకబ్సన్ అవయవానికి అందిస్తుంది.

మళ్లీ లాబ్‌స్టర్ రోమంలోకి. ఒక్కో దానిలో దాదాపు 300 నాడీకణాలు ఉంటాయి. క్షీరదాల ముక్కులో వాసన అణువులను పట్టుకునే ప్రొటీన్లను గ్రాహకాలు అంటారు. వాటి జన్యువులను 1991లో లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ కనిపెట్టారు, 2004లో నోబెల్ అందుకున్నారు. లాబ్‌స్టర్ వాడేవి అవి కావు. దానివి అయానోట్రోపిక్ గ్రాహకాలు, ఐఆర్‌లు. 2009లో ఈగలో బయటపడ్డ ఈ కుటుంబం, గ్లుటమేట్ అనే రసాయనాన్ని పట్టుకునే గ్రాహకాల నుంచి పుట్టింది. మన మెదడులో నాడీకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడుకునేవి ఆ గ్లుటమేట్ గ్రాహకాలే!

ఈ నాడీకణాల్లో కొన్ని వాసన లేకపోయినా తమ లయలో తాము విద్యుత్ సంకేతాలు పంపుతూ మోగుతూ ఉంటాయి. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో బ్యారీ ఏష్ బృందం వీటిని పట్టుకుంది. లయలో ఏ క్షణంలో వాసన తగిలిందన్న దాన్నిబట్టి కణం స్పందన మారుతుంది. ఒక్కో కణం లయ ఒక్కో రకం కాబట్టి, అన్నీ కలిస్తే పోయినసారి వాసన తగిలి ఎంతసేపయిందో కొలవగలవు. మూలం ఎంత దూరంలో ఉందన్న కబురు ఆ వ్యవధుల్లో దాగి ఉంటుంది.

ఈ బంధువర్గంలో నేల మీద బతికేవీ ఉన్నాయి. మన అండమాన్ నికోబార్ దీవుల్లో ఉండే కొబ్బరి పీత వాటిలో పెద్దది. గాలిలో అణువులు నీటిలోకన్నా సుమారు 10,000 రెట్లు వేగంగా వ్యాపిస్తాయి. అయినా అది మీసాన్ని విదిలిస్తూనే ఉంటుంది. రోమాలు మాత్రం పొట్టిగా, మొద్దుగా మారాయి. నేల మీదికి వచ్చిన కీటకాలు వాసన కోసం కొత్త గ్రాహకాల కుటుంబాన్నే సంపాదించుకున్నాయి. కొబ్బరి పీతకు దగ్గరి చుట్టమైన నేల సన్యాసి పీతలో (హెర్మిట్ క్రాబ్) ఆ కొత్త గ్రాహకాలు కనపడలేదు. అది సముద్రం నాటి ఐఆర్‌లతోనే నెట్టుకొస్తోంది. రెండింటి మెదడులోనూ వాసన పనిచూసే భాగం మాత్రం విపరీతంగా పెరిగింది.