టైలరు బాబాయి మిషను ఆగిన చోట

పర్లాకిమిడి

పిల్లలూ,

మొన్న ఫోన్లో పెద్దవాడు అడిగాడు: "మామ్మా, వినడానికి మంచి తెలుగు కథలు ఎక్కడ దొరుకుతాయి? ఏం వెతికినా సినిమా కబుర్లే వస్తున్నాయి." చెప్పడం మొదలుపెట్టేసరికి సిగ్నల్ పోయింది. ఇది సగం చెప్పి వదిలేసే సంగతి కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. చిన్నది ఇంకా తెలుగు కూడబలుక్కునే చదువుతుంది కదా, దానికోసం ఇదే ఉత్తరం చదివి రికార్డు చేసి వాట్సాప్‌లో పంపుతాను.

మీరు బరంపురంలో ఒడియా, ఇంగ్లీషు చదువుతున్నారు. తెలుగు మీకు ఇంట్లో మాట మాత్రమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మన ఊరు ఇటు వచ్చింది. మహేంద్రతనయ నది అవతల పాతపట్నం ఇప్పటి ఆంధ్ర వైపు ఉండిపోయింది. అక్కడి పిల్లలకు తెలుగు బడిలోనే వస్తుంది. మీకు చెవి ద్వారా రావాలి. అందుకే మీరు ఏం వింటున్నారన్నది నాకు చాలా పెద్ద విషయం.

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక రేడియో ఉండేది. పగలు విశాఖపట్నం పలికేది. అది 1963లో వచ్చిన కేంద్రం. విజయవాడ మాత్రం చీకటి పడ్డాకే అందేది. మీడియం వేవ్ తరంగాలు పగటిపూట పైనున్న గాలి పొరల్లో ఇంకిపోతాయి, రాత్రి ఆ కింది పొర పలచబడితే ఇంకా పైనున్న పొరను తాకి దూరాలకు వెళతాయి. అది మాకప్పుడు తెలియదు, రాత్రి అయితే విజయవాడ దగ్గరికి వస్తుందనే అనుకునేవాళ్లం. మా నాన్న రేడియోని పీట మీద పెట్టి, గొంతు తేటపడేదాకా మెల్లగా అటూ ఇటూ తిప్పేవారు. నాటకం ఎప్పుడుందో చెప్పేది మాత్రం పక్కింటి పెద్దమ్మ. గోడ మీంచి "ఒసే, ఈ రాత్రి పడుకోకండర్రా" అని ఒక్క మాట అనేది. ఆవిడ చెప్పిన నాటకం బాగోలేదని మా ఇంట్లో ఎవరూ అనగా నేను వినలేదు. మా ఇంట్లో ఎవరికి ఏది నచ్చుతుందో ఆవిడకు తెలుసు.

ఇప్పుడు ఆ గోడ మీది మాట యాప్ చెబుతోంది. "ఇది కూడా వినండి" అని వరసగా చూపిస్తుంది. ఆ వరస ఎలా వస్తుందో మీరు తెలుసుకోవాలి. మీరు విన్నదే విన్న మిగతావాళ్లు తర్వాత ఏం విన్నారు, ఎంతసేపు విన్నారు, ఎక్కడ ఆపారు, ముఖ్యంగా ఈ లెక్కల మీద అది నడుస్తుంది. హిందీలో, ఇంగ్లీషులో వినేవాళ్లు చాలామంది కాబట్టి లెక్క బాగానే కుదురుతుంది. నెమ్మదిగా సాగే ఒక తెలుగు కథను ఏ రెండొందల మందో వింటే, లెక్క కట్టడానికి సరుకు చాలదు. నిన్ననే పెట్టిన కథ అయితే మరీను. అందుకని ఎక్కువమంది నొక్కినదే మళ్లీ మళ్లీ మీ ముందుకు వస్తుంది. పెద్దవాడికి సినిమా కబుర్లు తగలడం అందుకే.

మీరెందుకు ఆపారో కూడా దానికి తెలియదు. కథ నచ్చక ఆపినా, అమ్మ అన్నానికి పిలిస్తే ఆపినా దానికి ఒకటే. పైగా మీరు వినేది నాన్న ఫోన్లో. ఆయన క్రికెట్, తాతయ్య ప్రవచనాలు, చిన్నదాని నక్క కథలు, అన్నీ ఒక్క మనిషే విన్నాడనుకుంటుంది. మీ ఇద్దరికీ వేరే ప్రొఫైల్ పెట్టమని నాన్నతో చెప్పండి.

పోయిన వేసవిలో చిన్నది ఇక్కడ కుందేలు కథ వింటూ నిద్రపోయింది. కథ అయిపోగానే దానంతటదే ఇంకోటి మొదలైంది, ఎవరో హత్య గురించి. పిల్ల ఉలిక్కిపడి లేచి, తెల్లారేదాకా నా కొంగు వదల్లేదు. ఆ రోజు నుంచి ఆటోప్లే ఆపేశాను, కాసేపటికి దానంతటదే ఆగిపోయేలా స్లీప్ టైమర్ పెట్టడం నేర్చుకున్నాను. మీరూ ఇవాళే ఆ పని చేయండి.

ఇక మనుషుల సంగతి. నాకు కథలు చెప్పేది మన బజారులో టైలరు బాబాయి. దారపు రీళ్ల రేకు డబ్బాలో ఫోను నిలబెట్టుకుంటాడు, రేకు వల్ల గొంతు కాస్త గట్టిగా వస్తుంది. పొద్దున్నించి రాత్రి దాకా కాలు మిషను మీద, చెవి డబ్బా వైపు. ఒకరోజు నా జాకెట్టు చేతికి అంచు కుడుతూ ఉన్నట్టుండి చక్రం మీద చెయ్యి వేసి ఆపేశాడు. కథలో ఒక ముసలాయన, కొడుకు రాసిన ఉత్తరం పక్కింటి కుర్రాడి చేత చదివించుకుంటున్నాడు. ఉత్తరం పూర్తయ్యేదాకా సూది గుడ్డలోనే ఉంది. తర్వాత నావైపు తిరిగి, "నాలుగో భాగం నుంచి వినండమ్మా. ముందు మూడూ కాస్త సాగదీశాడు" అన్నాడు. నేను అలాగే విన్నాను. ఆయన చెప్పింది నిజమే.

చేతులకు పని ఉండి చెవులకు తీరిక ఉన్నవాళ్లను అడగండి పిల్లలూ. అప్పడాలు ఒత్తే పిన్నులు, రాత్రిళ్లు లారీ తోలేవాళ్లు, మన ఊళ్లో కొమ్ముతో బొమ్మలు చేసి నునుపు పెట్టేవాళ్లు. రోజుకు ఎనిమిది గంటలు వినేవాళ్లకు ఏది నిలబడుతుందో, ఏది పదో నిమిషంలో విసుగెత్తుతుందో తెలుస్తుంది.

అడగడం కూడా తెలియాలి. "ఏదైనా మంచిది చెప్పు" అంటే ఎవరైనా గుర్తొచ్చిన పేరు చెప్పేస్తారు. "చివరిదాకా విన్నది ఏది? రెండోసారి విన్నది ఏది? ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటావు?" అని అడగండి. ముందు మీకు నచ్చినది, నచ్చనిది చెరొకటి చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. అప్పుడు ఎదుటివాళ్లు మీకోసం ఆలోచిస్తారు. పాడ్‌కాస్ట్‌లు, అంటే నెట్‌లో భాగాలుగా వచ్చే రేడియోలాంటి కార్యక్రమాలు, వాటిలో మొదటి భాగం చాలాసార్లు బలహీనంగా ఉంటుంది, చేసేవాళ్లు చేస్తూ చేస్తూ నేర్చుకుంటారు కదా. వరస కథ కాకపోతే మధ్యలోంచి ఎత్తుకోండి.

ఒక్కరే వెతుక్కునేటప్పుడు ఒకే మాటను తెలుగు అక్షరాల్లో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఇంకోసారి కొట్టి చూడండి, వేరు వేరు కథలు బయటపడతాయి. చదివిన గొంతు నచ్చితే ఆ చదివినవాళ్ల పేరుతో వెతకండి. మంచి గొంతున్నవాళ్లు చెత్త కథ చదవడానికి అంత సులువుగా ఒప్పుకోరని నా నమ్మకం. తెలుగు ఆడియో పుస్తకాల కోసమే దాసుభాషితం అనే యాప్ ఉంది. హర్షణీయం పాడ్‌కాస్ట్‌లో కథలూ, రచయితలతో సంభాషణలూ ఉంటాయి. రచయిత మాట్లాడుతూ తనకు ఇష్టమైన ఇంకో రచయిత పేరు చెబుతారు చూడండి, అది వెంటనే నోటు పుస్తకంలో రాసుకోండి. నాకు దొరికిన మంచి పేర్లలో సగం అలా దొరికినవే.

డబ్బు గురించి ఒక మాట. చాలా పాడ్‌కాస్ట్‌లు ఆర్ఎస్ఎస్ ఫీడ్ అనే బహిరంగ దారిలో వస్తాయి కాబట్టి ఏ యాప్‌లోనైనా ఉచితంగా దొరుకుతాయి. ఒక యాప్ డబ్బు అడిగితే, అమ్మ దగ్గరికి వెళ్లే ముందు ఇంకో యాప్‌లో చూడండి. గుణుపురం రైలెక్కే ముందు ఇంట్లోనే దించుకోండి, సెకనుకు 64 కిలోబిట్ల లెక్కన గంట కథకు 29 ఎంబీ దాకా పడుతుంది, అంతే.

చిన్నది ఒకసారి నన్ను అడిగింది, "ఫోన్లో వాళ్లెవరూ మనలాగా 'ఏమిటి'ని 'ఏటి' అనరేం మామ్మా, మనది తప్పా?" అని. తప్పు కాదమ్మా. మన ఊరి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు, జనం మాట్లాడే తెలుగే రాయాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం. కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకోవడానికి ఆయనకు పుస్తకం లేదు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, అతని మాటలు వింటూ నేర్చుకున్నారు. కళింగాంధ్ర కథల్ని మన యాసలోనే చదివేవాళ్లు ఉన్నారు, వెతికి వినండి. మన మాట మన చెవిన పడితే పిల్లలకు ఎంత ధైర్యమో నేను కళ్లారా చూశాను.

దొరక్కపోతే మీరే చదవండి. మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్లకు ఆయన రాసినవి అందరి సొత్తవుతాయి. పంతులుగారు 1940లో పోయారు కాబట్టి ఆయన వ్యాసం చదివి రికార్డు చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2005లో మొదలైన లిబ్రివాక్స్ అనే వెబ్‌సైట్‌లో వాలంటీర్లు ఇలాంటి పాత పుస్తకాలే చదివి ఉచితంగా పెడతారు. అయితే ఇంకొకరు చదివిన రికార్డు వాళ్ల కష్టం, దాన్ని అడక్కుండా తీసుకోకూడదు. చదివినవాళ్ల పేరే లేకుండా పెట్టిన పుస్తకం కనిపిస్తే అనుమానించండి.

ఈ వారం నాకు మీరు ఒక్కటి పంపండి. పేరొక్కటే చాలదు, ఎక్కడ మొదలుపెట్టాలో, ఎందుకో కూడా చెప్పండి. నేను విని, టైలరు బాబాయికి ఇస్తాను. మిషను ఎక్కడ ఆగిందో మీకు రాస్తాను.

మీ మామ్మ