ఆటిక్ వాసాల నుంచి కారే జిగురు: అపోహలు - వాస్తవాలు

నేను కాలిఫోర్నియాలో, శాక్రమెంటో చుట్టుపక్కల హోమ్ ఇన్‌స్పెక్షన్లు చేస్తుంటాను. జులై వచ్చిందంటే మన తెలుగువాళ్ళ ఇళ్ళ నుంచి ఫోన్లు మొదలవుతాయి: "ఆటిక్‌లో కర్రల నుంచి ఏదో కారుతోందండీ." ఆటిక్ అంటే పైకప్పుకూ సీలింగ్‌కూ మధ్య ఉండే అటకలాంటి ఖాళీ. కిందటేడు ఒకరింట్లో బొమ్మల కొలువు డబ్బా మీద తేనె బొట్లలాంటివి పడ్డాయి. నేను వెళ్ళేసరికే ఒక కాంట్రాక్టర్ వచ్చి, వాసాలు మార్చాలని చెప్పి వెళ్ళాడట. ఆ టెన్షన్‌తో ఇంటావిడకు రెండు రాత్రులు నిద్ర లేదు. నిచ్చెనెక్కి చూస్తే మార్చాల్సిన వాసం ఒక్కటీ లేదు.

అపోహ: పైకప్పు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

మాకు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వాన పడటమే అరుదు. ఎండ మండే రోజుల్లోనే కారుతోందంటే అది వాన నీరు కాదు. నీటి మరకకు టీ ఒలికినట్టు అంచు కడుతుంది. ఈ జిగురు చెక్కలోని ముడి దగ్గర పుట్టి, వాసం అడుగున బొట్టుగా వేలాడుతుంది. టార్చ్ వేస్తే తేనె రంగులో మెరుస్తుంది, వేలితో తాకితే తీగలా సాగుతుంది, టర్పెంటైన్ వాసన వస్తుంది. ఏసీ యూనిట్ ఆటిక్‌లో ఉంటే దాని కింద ట్రే మాత్రం ఓసారి చూడండి. వేసవిలో నిజంగా నీళ్ళే పడుతుంటే ముందు అనుమానించాల్సింది దాన్నే.

అపోహ: చెట్టు రసం ఇంకా ఆరలేదు.

చెట్టు రసమంటే చాలావరకు నీళ్ళే, కర్ర ఆరుతుంటే అది ఆవిరైపోతుంది. ఇప్పుడు కారేది రెసిన్. పైన్, డగ్లస్ ఫర్, స్ప్రూస్ చెట్లలో దీని కోసం సన్నని నాళాలు ఉంటాయి. బెరడుకు గాయమైనా, పురుగు తొలిచినా చెట్టు ఆ చోటిని రెసిన్‌తో పూడ్చుకుంటుంది. తుమ్మబంక నీళ్ళలో కరుగుతుంది, ఇది కరగదు. మన ఊళ్ళలో టేకు వాసాల కింద పెరిగినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించడం సహజం. టేకులో ఈ నాళాలు ఉండవు.

రెసిన్‌లో రెండు భాగాలు: ఎగిరిపోయే టర్పెంటైన్, మిగిలిపోయే గట్టి రోజిన్. మిల్లులో కర్ర ఆరబెట్టే బట్టీ, అంటే కిల్న్‌లో కర్రను 160 డిగ్రీల ఫారెన్‌హీట్ (71 సెల్సియస్) వేడిలో చాలినంతసేపు ఉంచితే టర్పెంటైన్ చాలావరకు పోయి, రెసిన్ గట్టిపడుతుంది. కానీ ఇక్కడ ఇళ్ళకు వాడే డగ్లస్ ఫర్ చాలాసార్లు పచ్చిగానే అమ్ముడవుతుంది. వాసం మీద స్టాంప్ చూడండి. 'ఎస్-జీఆర్‌ఎన్' అని ఉంటే అది ఆరబెట్టని కర్ర. "హెచ్‌టీ అని కూడా ఉంది కదా, వేడి చేశారుగా" అంటారు కొందరు. అది పురుగుల్ని చంపడానికి: కర్ర నడిమధ్య 56 డిగ్రీల సెల్సియస్, 30 నిమిషాలు. రెసిన్‌కు అది చాలదు. బయట 100 ఫారెన్‌హీట్ దాటిన రోజున ఆటిక్‌లో 140, 150 కూడా ఉంటుంది. మిల్లులో మిగిలిపోయిన పని ఇంటి నెత్తిన ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా సాగుతుందన్నమాట.

అపోహ: చెదలు పట్టింది.

ఎండిన కర్రను తినే చెదలు వదిలే రెట్ట గసగసాల్లా ఉంటుంది. పొడిగా ఉంటుంది, ఊదితే దొర్లిపోతుంది. పాత రెసిన్ పలుకులను గోటితో నలిపితే తెల్లటి పొడి అవుతాయి, వాసన వస్తుంది, వేడి తగిలితే మళ్ళీ జిగురవుతాయి. గసగసాల్లాంటివే కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా చెదల ఇన్‌స్పెక్షన్ చేయించండి.

అపోహ: కారే కొద్దీ వాసం బలం తగ్గిపోతుంది.

తగ్గదు. బరువు మోసేది చెక్క నార, రెసిన్ కాదు.

అపోహ: ప్రైమర్ కొడితే ఆగిపోతుంది.

షెల్లాక్ ప్రైమర్ అంటే మన లక్కే, ఏటికొప్పాక బొమ్మలకు పూసేదే. ఇంట్లో తలుపుల మీద ముడులకు బాగా పనిచేస్తుంది. కాగే ఆటిక్‌లో, ఇంకా కారుతున్న ముడి మీద కొడితే కొన్నాళ్ళకే పొక్కులు లేస్తుంది. హీట్ గన్‌తో రెసినంతా ఒకేసారి రప్పించేద్దామని చూసేవాళ్ళూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి, ఇల్లు అంటుకుంటుంది.

చేయాల్సింది వేడి తగ్గించడం. ఆటిక్ నేల ప్రతి 150 చదరపు అడుగులకు ఒక చదరపు అడుగు గాలి దారి ఉండాలనేది ఇక్కడి బిల్డింగ్ కోడ్‌లో మామూలు లెక్క. కొన్ని షరతులకు లోబడి 300కు ఒకటైనా సరిపోతుంది. కాగితం మీద అంత ఉన్నా, చూరు కింద వెంట్లను ఇన్సులేషన్ మూసేసిన ఇళ్ళు నాకు తరచూ కనిపిస్తాయి. పైన చెప్పిన ఇంట్లోనూ అదే జరిగింది. ఇన్సులేషన్ వెనక్కి జరిపి, మళ్ళీ జారకుండా అడ్డు రేకులు పెట్టించాం.

బొట్లు చలికాలంలో గీకండి, పెళుసుగా రాలిపోతాయి. మినరల్ స్పిరిట్స్‌తో (పెయింట్ పలచబరిచే, మండే ద్రావకం) తుడవాలంటే, గ్యాస్ ఫర్నేసో వాటర్ హీటరో ఉన్న ఆటిక్‌లో మాత్రం వద్దు. చేతికి అంటితే, పనసకాయ కోసేటప్పుడు రాసుకున్నట్టే నూనె రాసి తుడుచుకోండి, తర్వాత సబ్బు.

ఆ కొలువు డబ్బాలో రెండు ఏటికొప్పాక బొమ్మల మీద కూడా బొట్లు పడ్డాయి. ఆవిడ ఆల్కహాల్ సీసా తెచ్చేశారు. రెసిన్‌తోపాటు లక్క కూడా ఆల్కహాల్‌లో కరిగి రంగు ఊడొస్తుందని ఆపాను. ఐసు ముక్కలు జిప్ కవర్లో వేసి బొట్టు మీద పావుగంట ఉంచాం. తర్వాత గోటితో మీటితే టక్కున ఊడొచ్చింది.