రాయలవారి తలమీద ఆ కిరీటం ఎక్కడిది?

ఏటా ఆగస్టు 22, అంటే మద్రాస్ డే, దగ్గరపడేసరికి చెన్నై తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రాజులు లేచి కూర్చుంటారు. మదరాసు స్థలాన్ని కుంపిణీకి రాసిచ్చిన నాయకరాజు పది నెలల అడ్వాన్సు అడగడం మరిచిపోయాడని ఒక మీమ్. రత్నాలు రాశులుపోసి అమ్మించిన రాయలవారు కోయంబేడు మార్కెట్లో ఉల్లిపాయల ధర విని సింహాసనం మీదే ఒరిగిపోయారని ఇంకొకటి. మొదటి గంట నవ్వులే. తర్వాత ఎవరో ఒకరు ‘ఇంతకీ రాయలు తెలుగువాడేనా?’ అని అడుగుతారు. ఒకరు తుళువ అంటారు, ఒకరు కన్నడం అంటారు, సాయంత్రానికి గ్రూపు రెండుగా చీలిపోతుంది. మీమ్ మాత్రం ఊళ్లు దాటుతూ పోతుంది. పోతూ పోతూ జోకు రాలిపోయి, చివరికి చరిత్రగా మిగులుతుంది.

ఇందులో తప్పంతా మీమ్ చేసే కుర్రాళ్లదే అనుకోవడం అన్యాయం. రాజుల మీద జోకు ఎప్పుడూ ఒక బొమ్మా ఒక మాటా కలిపి వేసిన అతుకు. ఆ రెండూ ఒకేచోట పుట్టినవి కావు, ఒకే కాలానివీ కావు. అతుకు ఎక్కడుందో చూపించేవాళ్లు లేకపోవడమే అసలు ఇబ్బంది.

ముందు బొమ్మ సంగతి. తెలుగు మీమ్‌లో రాజు అనగానే బంగారు కిరీటం, భుజకీర్తులు, మెడనిండా హారాలు, భుజాల దాకా గిరజాల జుట్టు. ఈ రూపం హంపీలో దొరికింది కాదు. చెన్నై వడపళనిలోనే తయారైంది. 1951లో ‘పాతాళభైరవి’, 1957లో ‘మాయాబజార్’ వచ్చిన కాలానికి తెలుగు రాజులందరూ ఆ చుట్టుపక్కల స్టూడియోల్లోనే కొలువుదీరేవారు. ఆ వేషం స్టూడియోలకు నాటకరంగం నుంచి వచ్చింది. స్టేజీ మీద దీపాల వెలుగులో చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా రాజెవరో, మంత్రి ఎవరో తెలియాలి. అందుకే కిరీటం ఎత్తుగా ఉండాలి, రాళ్లు పెద్దవిగా ఉండాలి, పూత మెరవాలి. నలుపు తెలుపు కెమెరాకూ అదే సరిపోయింది. తరాలపాటు అదే చూసిన మన కంటికి అదే రాచరికమైపోయింది. ఇప్పుడు మీమర్ ఏదో పౌరాణికంలోని స్టిల్ తీసి కింద ‘రాయలు’ అని రాస్తే ఎవరికీ సందేహం రాదు.

విజయనగర రాజుల తలమీద ఉన్నది కుల్లాయి. అంటే పొడవాటి టోపీ. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు వర్తకుడు దొమింగో పాయెస్ రాయల రూపం రాసిపెట్టాడు: మధ్యస్థమైన ఎత్తు, మంచి ఛాయ, సన్నం కంటే లావే అనిపించే ఒళ్లు, ముఖాన మశూచి మచ్చలు. తలమీద జరీ టోపీ, కాళ్లకు చెప్పులు లేవు. దీన్ని మీమ్‌లో పెడితే ‘రాయలవారిని అవమానించారు’ అని దెబ్బలాటకు వచ్చేవాళ్లుంటారు. కానీ కళ్లారా చూసినవాడు రాసిన రూపం ఇదే.

కుల్లాయి మీద తెలుగులో తొలి జోకు రాయలకు దాదాపు వందేళ్ల ముందే పుట్టింది. ప్రౌఢదేవరాయల కొలువుకు వెళ్లిన శ్రీనాథుడు చెప్పిందని ప్రసిద్ధమైన చాటువు ‘కుల్లాయించితి, కోక సుట్టితి’ అని మొదలవుతుంది. ఆ రాజు దర్శనం కోసం తనకు అలవాటు లేని టోపీ పెట్టుకున్నాడు, పొడవాటి అంగీ తొడుక్కున్నాడు, వెల్లుల్లీ నువ్వులపిండీ వేసిన తిండి తిన్నాడు, అంబలి తాగాడు. అన్నీ చేశాక ‘తల్లీ, కన్నడ రాజ్యలక్ష్మీ, దయలేదా, నేను శ్రీనాథుడను’ అని మొరపెట్టుకున్నాడు. సామ్రాజ్యం గడపలో నిలబెట్టిన మనిషి దుస్థితిని నాలుగు పాదాల్లో బొమ్మకట్టి, చివరి పాదంలో దెబ్బ కొట్టే పద్యం అది. పైన దృశ్యం, కింద దెబ్బ. నేటి మీమ్‌కు కూడా కావలసింది అదే. రాతిమీద చెక్కలేదు, తాళపత్రం కోసం ఆగలేదు, నోటినుంచి నోటికి ఫార్వర్డ్ అయింది. అందుకే చాటువుల్లో ఏది ఎవరిదో తేల్చడం ఈనాటికీ కష్టం. వాటర్‌మార్క్ లేని మీమ్ గతే వాటిదీ.

రాజు బొమ్మతో నవ్వించడం అచ్చుయంత్రం వచ్చాక యూరప్‌లో పెద్ద యుద్ధమే అయింది. 1831లో పారిస్‌లో షార్ల్ ఫిలిపాన్ అనే పత్రికాధిపతి రాజు లూయీ ఫిలిప్‌ను అవమానించాడన్న నేరం మీద కోర్టుకెక్కాడు. అక్కడ అతడు నాలుగు బొమ్మలు వేసి చూపించాడు: మొదటిది రాజు తల, చివరిది బేరిపండు. మధ్యలోవి రెండూ ఒకదానినుంచి ఒకటి కొద్దికొద్దిగా మారినవే. ‘పోలిక ఉండటమే నేరమైతే బేరిపండునూ జైల్లో పెట్టండి’ అన్నది అతడి వాదన. కోర్టు ఆరు నెలల జైలు, రెండు వేల ఫ్రాంకుల జరిమానా వేసింది. బేరిపండు మాత్రం పారిస్ గోడలన్నీ ఎక్కేసింది. గీయడానికి ఒక బొగ్గుముక్క, రెండు గీతలు చాలు. చేతగానివాడు కూడా గీయగలిగినప్పుడే టెంప్లేట్ అవుతుంది. 1835 సెప్టెంబరులో ప్రభుత్వం బొమ్మల మీద ముందస్తు సెన్సారు పెట్టేదాకా ఆ పండు ఆగలేదు.

నెపోలియన్ పొట్టివాడన్న మాటా బొమ్మల పుణ్యమే. లండన్‌లో జేమ్స్ గిల్రే అతణ్ణి పెద్ద బూట్లలో మునిగిపోయే బుడతడిగా గీశాడు. దానికి కొలతల తికమక తోడైంది. ఫ్రెంచి అంగుళం ఇంగ్లీషు అంగుళం కంటే పెద్దది. ఫ్రెంచి కొలతలో 5 అడుగుల 2 అంగుళాలంటే సుమారు 168 సెంటీమీటర్లు. ఆ కాలానికి అది మామూలు ఎత్తే. రెండు వందల ఏళ్ల తర్వాత మన తెలుగు మీమ్‌ల్లో కూడా అతడు పొట్టివాడే.

‘మీమ్’ అన్న మాటను 1976లో జీవశాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ వాడుకలోకి తెచ్చినప్పుడు దాని అర్థం బొమ్మ కాదు. మనిషినుంచి మనిషికి అనుకరణతో పాకే ఏ అలవాటైనా, ఏ భావమైనా ఆయన లెక్కలో మీమే. ఇంటర్నెట్ ఆ మాటను తీసుకుని బొమ్మకు తగిలించింది.

చెన్నైలో బతికే తెలుగువాళ్లకు రెండు భాషల రాజుల మీమ్‌లూ అందుతాయి. తమిళంలో ఈ సింహాసనం హాస్యనటుడు వడివేలుది. 2006లో వచ్చిన ‘ఇమ్సై అరసన్ 23ఆమ్ పులికేసి’లో రాజుగారు తన తల కింద వస్తాదు ఒళ్లు పెట్టించి చిత్రపటం గీయించుకుంటాడు. తల ఒకరిది, ఒళ్లు మరొకరిది. ఫోటోషాప్ అతుకుల పని అంతా ఆ ఒక్క సన్నివేశంలో ఉంది. మనం గమనించాల్సింది ఆ పేరు. పులికేసి అనగానే చెన్నై నవ్వుతుంది. చరిత్రలో రెండో పులకేశి బాదామి చాళుక్య చక్రవర్తి, పల్లవులను కంచి గోడల దాకా తరిమినవాడు. 642లో పల్లవ నరసింహవర్మ అతడి రాజధాని వాతాపిని పట్టుకోవడంతో అతడి కథ ముగిసింది. అతడి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడే వేంగి చాళుక్య వంశానికి మూలపురుషుడు. నన్నయ భారతం మొదలుపెట్టింది ఆ వంశపు రాజరాజనరేంద్రుడి కోసమే. మీమ్‌లో చూసి నవ్వే ఆ పేరు ఆదికవిని పోషించిన వంశానికి పెదతాత వరస అవుతుందని తెలిస్తే నవ్వు తగ్గదు, చిక్కబడుతుంది.

తెలుగులో ఊపు 2015లో వచ్చింది. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన పోస్టు పెడితే శిక్షించే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను ఆ మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. జూలై 10న ‘బాహుబలి’ మొదటి భాగం విడుదలైంది. కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న 2017 ఏప్రిల్ 28న జవాబు వచ్చేదాకా తిరుగుతూనే ఉంది. మధ్యలో 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైంది. మాహిష్మతి సినిమాలో కల్పిత సామ్రాజ్యమే అయినా ఆ పేరుతో నర్మద ఒడ్డున పురాణప్రసిద్ధమైన నగరం ఉంది. ఇక్కడా అతుకే.

ఇక మాట సంగతి. ఎక్కువ గొడవ తెచ్చేది ‘దేశభాషలందు తెలుగు లెస్స’. వాట్సాప్ కార్డుల్లో ఇది రాయల నోటిమాట. ‘ఆముక్తమాల్యద’లో మాత్రం అది కలలో కనిపించిన శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు రాయలతో అనే మాట. అంతకు ముందు పాదం ఎవరూ కార్డు మీద వేయరు: ‘ఎల్ల నృపులు గొలువ నెరుగవే బాసాడి’. రాజులందరూ నిన్ను కొలుస్తుంటే వాళ్లతో మాట్లాడి నీకు తెలియదా అని దేవుడు అడుగుతున్నాడు. పలు భాషలు మాట్లాడిన రాజుతో అనే మాట అది. పైగా ఆ ఘట్టంలోనే దేవుడు తనను తెలుగు రాయడననీ, రాజును కన్నడ రాయా అనీ అంటాడు. తెలుగా, కన్నడమా అని గ్రూపుల్లో తన్నుకునేవాళ్లు ఆ రెండు పద్యాలు పక్కపక్కన పెట్టుకుని చదివితే చాలు. ఇంకో సంగతి: ‘తెలుగు లెస్స’ పాదం అంతకు ముందే ‘క్రీడాభిరామం’లో ఉంది. పాత టెంప్లేట్‌నే రాయలవారు అందంగా వాడుకున్నారు.

ఆగస్టు 22 కార్డుల్లో రాయలు మదరాసును ఇంగ్లీషువాళ్లకు ఇచ్చాడని కనిపిస్తే అక్కడే ఆపేయండి. రాయలు పోయింది 1529లో, మదరాసు కౌలు 1639లో. నూటపది ఏళ్ల దూరం. ఇచ్చినవాడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు. అతడి పైన చంద్రగిరి ఆరవీటి రాజు. తేదీలోనూ పేచీ ఉంది. కౌలు నకలులో జూలై 22 అని ఉంటే, కుంపిణీ తరఫున కౌలు తీసుకున్న ఫ్రాన్సిస్ డే ఓడ వచ్చిందే జూలై 27న. అందుకే ఆగస్టు 22 అన్నది సర్దుబాటు. మద్రాస్ డే పేరిట ఆ తేదీని జరుపుకోవడం 2004 నుంచి వచ్చిన అలవాటు.

అతుకు గట్టిపడి చరిత్రగా మారడం ఎలా ఉంటుందో చూడాలంటే ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గర ఒకప్పటి మదరాసు గవర్నరు థామస్ మన్రో విగ్రహం ముందు నిలబడండి. 1839లో నిలబెట్టిన ఆ గుర్రానికి జీను లేదు, రికాబులు లేవు. శిల్పి మరిచిపోయాడనీ, తప్పు తెలిసి ప్రాణం తీసుకున్నాడనీ ఊరంతా చెబుతుంది. ఆ శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో అతడే చేసిన నాలుగో జార్జి గుర్రానికీ జీను లేదు, రికాబులు లేవు. అతడి పద్ధతే అది. అతడు 1841లో సహజంగానే పోయాడు. మన్రోను దత్తమండలాల, అంటే నేటి రాయలసీమ, తెలుగువాళ్లు మరోలా గుర్తుపెట్టుకున్నారు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. 1827 జూలై 6న ఆయన కలరాతో పోయింది కూడా పత్తికొండలోనే. ఊరికి జోకు మిగిలింది, సీమకు పేరు మిగిలింది.

చేసేవాళ్లకు పనికొచ్చే మాటలు కొన్ని. ఇంగ్లీషు మీమ్‌ల్లో కనిపించే ఇంపాక్ట్ ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు. తెలుగు టైప్ చేస్తే ఫోను వేరే ఫాంటు తెచ్చి పెడుతుంది, అక్షరం సన్నబడుతుంది. రామరాజ, సూరన్న, పెద్దన, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ పేర్లతోనే ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఉన్నాయి, అవి వాడండి. అక్షరం చుట్టూ నల్ల అంచు మందంగా పెడితే ఒత్తులు, గుడి, గుడిదీర్ఘం పూడిపోతాయి. 1080 పిక్సెళ్ల బొమ్మ మీద మూడు నాలుగు పిక్సెళ్ల అంచు చాలు. వరసల మధ్య ఎడం అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉంచకపోతే పై వరస ఒత్తు కింది వరస తలకట్టుకు తగులుతుంది. కంప్యూటర్‌లో పాత ఫోటోషాప్ అయితే దక్షిణాసియా భాషల అమరిక ఆన్ చేయాలి. లేదంటే ‘క్ష్మి’ లాంటివి ముక్కలుగా విడిపోతాయి. పదిసార్లు ఫార్వర్డ్ అయ్యేసరికి బొమ్మ అరిగిపోతుంది కాబట్టి మూలం పేరు మూలన చిన్నగా కాక, మాట పక్కనే వేయాలి. బొమ్మ విషయానికొస్తే, మన చట్టంలో సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదటినుంచి 60 ఏళ్లు. ‘మాయాబజార్’ గడువు 2017తో తీరింది. 2010లో రంగులద్దిన ప్రతి సంగతి వేరు, నలుపు తెలుపుదే తీసుకోండి.

అసలైన రాయల రూపమే వాడొచ్చుగా అంటే, అది తిరుమల గుడిలో ఉంది. మహాద్వారం దాటగానే కుడిపక్క మండపంలో తిరుమలదేవి, చిన్నాదేవిల మధ్య చేతులు జోడించి నిలబడ్డ లోహ విగ్రహం, భుజం మీద పేరు చెక్కి ఉంటుంది. గుడిలోకి ఫోను తీసుకెళ్లనివ్వరు. రోజూ వేలమంది ఆయన పక్కనుంచే నడుస్తారు, ఫోటో తీసుకోలేరు. వడపళని స్టిల్స్ మాత్రం వెతికితే క్షణంలో వందలు దొరుకుతాయి. ఈసారి వెళ్లినప్పుడు క్యూ లాగేస్తుంటే ఒక్క క్షణం కుడివైపు తల తిప్పండి. తలమీద ఉన్నది కుల్లాయి.