బావిగట్టు మీది బిళ్ళగన్నేరు

చిన్నీ, బుజ్జీ,

బిళ్ళగన్నేరు ఆకు నమిలితే షుగర్ తగ్గుతుందా అని మొన్న ఫోన్లో అడిగారు కదా. మీ అమ్మమ్మకి తెలియకుండా నేనూ ఓ వారం నమిలాను. నోరంతా చేదు, షుగర్ ఎక్కడిదక్కడే. పైగా డాక్టరు గారి చేత చీవాట్లు. ఎందుకు తిట్టారో ఆ రోజు నాకూ అర్థం కాలేదు.

ఎవరూ నీళ్ళు పోయకపోయినా పూసే ఈ మొక్క సొంతూరు మడగాస్కర్ దీవి. మన బావిగట్టుకి వచ్చినట్టే జమైకాకీ చేరింది. అక్కడా షుగరున్నవాళ్ళు ఈ ఆకుల కషాయం తాగేవారు. 1952లో అక్కణ్ణుంచి ఓ కవర్లో పాతిక ఆకులు కెనడా వెళ్ళి, చివరికి రాబర్ట్ నోబుల్ అనే పరిశోధకుడి చేతిలో పడ్డాయి.

ఎలుకలకి కషాయం పట్టించి చూస్తే రక్తంలో చక్కెర ఏమీ తగ్గలేదు. పోనీ అని ఆకుల సారాన్ని సూదితో ఎక్కిస్తే ఎలుకలు చచ్చిపోయాయి! నేనైతే అక్కడితో చేతులు దులుపుకునేవాణ్ణి. ఆయన మాత్రం ఎందుకు చచ్చాయా అని చూశాడు. ఒంట్లో తెల్లరక్తకణాలు పడిపోయి, సూక్ష్మజీవులు సోకితే తట్టుకోలేకపోయాయి. మామూలు ప్రాణికి అది ముప్పే. మరి తెల్లకణాలు అదుపు తప్పి పెరిగిపోయే రక్తక్యాన్సర్ రోగికో?

1958కల్లా ఆయనా, చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రవేత్తా కలిసి ఆ ఆకుల్లోంచి విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు తీశారు. ఆ తర్వాత ఈ మొక్కలోనే విన్‌క్రిస్టిన్ అనే మరో మందు కూడా దొరికింది. కణం రెండు కావాలంటే లోపల సన్నటి దారాలు అల్లుకుని క్రోమోజోముల్ని చెరోవైపు లాగాలి. ఈ మందులు ఆ దారాల్నే అల్లుకోనివ్వవు. పిల్లలకొచ్చే లుకేమియా అనే రక్తక్యాన్సర్‌కి ఇవాళ్టికీ వేరే మందులతో కలిపి విన్‌క్రిస్టిన్ ఇస్తారు, రక్తనాళంలోకి మాత్రమే. పెద్దవాళ్ళకైనా మామూలుగా ఒక విడతకి 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. అంటే చిన్న ఉప్పురవ్వంత. అంతలోనే వేళ్ళకి తిమ్మిర్లు పట్టవచ్చు.

ఆ రవ్వంత మందు తీయడానికి ఎండుటాకు కిలోల లెక్కన కావాలి. అందుకే వారం నమిలినా నేను బతికి బట్టకట్టాను. కానీ ఈ మొక్కలో వందకు పైగా ఆల్కలాయిడ్లు, అంటే ఒంటిమీద గట్టిగా పనిచేయగల మొక్కల రసాయనాలు, ఉన్నాయి. ఏ ఆకులో ఏది ఎంతుందో తూచి నమిలావా అని డాక్టరు గారు అడిగింది ఇదే.

దసరాకి వచ్చినప్పుడు పూలు ఎన్నైనా కోసి దేవుడి పటాలకి పెట్టండి. ఆకు తుంచిన చేత్తో మాత్రం జంతికల డబ్బా ముట్టుకోవద్దు, ముందు కడుక్కోండి.

మీ తాతయ్య