పాత బుల్లెట్ ఇంజిన్ దించడం: అపోహలు - వాస్తవాలు

కుడికాలి గేరు ఉన్న పాత 350 బుల్లెట్ల మీదే నా పనంతా. ఈ మధ్య చాలామంది ఇంట్లోనే ఇంజిన్ దించుకుంటున్నారు, మంచిదే, కానీ సగంలో ఆపేసి ట్రాలీలో వేసుకొచ్చిన బండ్లను చూస్తే బాధేస్తుంది. ఇంజిన్ బాగానే ఉంటుంది, దాన్ని పట్టుకున్న బోల్టులే నాశనమై ఉంటాయి.

అపోహ: మామూలు మిల్లీమీటర్ పానాలు సరిపోతాయి.

సరిపోవు. ఈ బండి డిజైన్ ఇంగ్లండ్‌లోని రెడిచ్‌ది. తర్వాత మద్రాసులో తయారైనా కొలతలు ఇంచుల్లోనే వచ్చాయి. 5/16 విట్‌వర్త్ (ఇంచుల్లో ఉండే పాత బ్రిటిష్ కొలత, ఈ నంబరు బోల్టు మందానిది, పానా నోటిది కాదు) పానా నోరు 15.24 మి.మీ. అంటే 15 నంబరు ఎక్కదు, 16 వేస్తే వదులు. ఆ వదులు పానాకే పైపు తగిలించి, ఏళ్ల తరబడి తుప్పు పట్టిన నట్టును లాగితే మూలలు అరిగి గుండ్రంగా తయారవుతుంది, ఇక ఉలి పట్టాల్సిందే. 1/4 కూడా అంతే, 13కీ 14కీ మధ్యలో ఉంటుంది. 3/8 మాత్రం 18తో సరిగ్గా కూర్చుంటుంది. అందుకే ముందు విట్‌వర్త్ సెట్టు కొనండి. అయితే మధ్యలో ఎవరో మార్చిన మెట్రిక్ (మిల్లీమీటర్) బోల్టులు కూడా తగులుతాయి, ప్రతిదానికీ పానా వేసి ఊపి చూశాకే బలం పెట్టండి.

అపోహ: క్లచ్, గేర్‌బాక్స్ విప్పితేనే ఇంజిన్ బయటికొస్తుంది.

అక్కర్లేదు. గేర్‌బాక్స్ క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింది భాగపు పెట్టె) వెనకాల 4 స్టడ్లతో (తల లేని బోల్టులు) బిగించి ఉంటుంది, రెండూ కలిపే దించొచ్చు. సమస్యల్లా బరువే. నేనైతే హెడ్డు, పోత ఇనుము బ్యారెల్ (పిస్టన్ ఆడే సిలిండరు) ముందే తీసేస్తాను, చేతులు ఆడటానికి చోటు దొరుకుతుంది.

అపోహ: చివరి బోల్టు రాకపోతే సుత్తితో కొట్టాలి.

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ఆ బోల్టు తుప్పు వల్లే ఇరుక్కుందనుకుంటాం, చాలాసార్లు ఇంజిన్ బరువంతా దాని మీద కూర్చుని ఉంటుంది. ఇంజిన్ కింద చెక్కముక్క పెట్టి జాకీ వేయండి. ఒక చేత్తో బోల్టు తలను తిప్పుతూ, రెండో చేత్తో జాకీని కొంచెం కొంచెంగా లేపండి. ఎక్కడో ఒకచోట, అప్పటిదాకా మొండికేసిన బోల్టు వేళ్లకే తిరగడం మొదలుపెడుతుంది. బరువు తప్పుకుందన్నమాట. అప్పుడు నట్టును చివరి థ్రెడ్ దాకా ఉంచి ఇత్తడి కడ్డీతో మెల్లగా తట్టండి, థ్రెడ్ పాడవదు.

అపోహ: ఇంజిన్ తీసినా ఫ్రేమ్ ఫ్రేమే కదా.

కాదు. ఈ ఫ్రేమ్‌లో ఇంజిన్ కింది నుంచి వెళ్లే గొట్టం లేదు. ముందు గొట్టానికీ వెనక భాగానికీ మధ్య వంతెన ఇంజినే. అది లేని బండిని తోయడం, ఫొటో కోసం పిల్లల్ని ఎక్కించడం దయచేసి చేయొద్దు. బరువు మారిపోతుంది కాబట్టి ఒక్క స్టాండునే నమ్మకుండా రెండు వైపులా దిమ్మలు పెట్టండి.

ఆయిల్ తీయకుండా దించొచ్చన్నదీ తప్పే. దీనికి విడిగా ఆయిల్ ట్యాంకు లేదు, ఆయిలంతా క్రాంక్‌కేస్‌లోనే ఉంటుంది, పక్కకు వాల్చారంటే నేలంతా ఆయిలే. వైర్లు కోసేసి తర్వాత కలుపుకోవచ్చనీ అంటారు. కోయకండి, ఒక్కో వైరుకు టేపు చుట్టి పేరు రాసి ఫొటో తీసుకోండి.

అపోహ: ఇంజిన్ దిగాక ఫ్రేమ్‌ను నేరుగా పెయింటుకు పంపడమే.

ముందు ఇంజిన్ బోల్టుల రంధ్రాలు కోలగా సాగాయా, చుట్టూ పగుళ్లు ఉన్నాయా చూడండి. ఆ తర్వాత చాసిస్ నంబరు. నా దగ్గరికి వచ్చిన ఒక బండికి ఎక్కడో శాండ్‌బ్లాస్టింగ్ (ఇసుక చిమ్మి పాత రంగు, తుప్పు ఊడగొట్టడం) చేయిస్తే సగం అంకెలు చెరిగిపోయాయి. అది వాళ్ల తాతగారి బండి, ఆర్‌సీలో ఉన్న నంబరు ఇదేనని చూపించుకోవడానికి ఆ అబ్బాయి ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. నంబరు స్పష్టంగా కనబడేలా ఫొటో తీసి, దాని మీద మందపాటి రబ్బరు ముక్క పెట్టి, టేపు గట్టిగా చుట్టాకే ఫ్రేమ్ బయటికి పంపండి.