షాట్ అందంగా ఉంటే కథ చెప్పినట్టేనా?

ఎడిటింగ్ టేబుల్ ముందు కూర్చోవడం మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది. షార్ట్ ఫిల్మ్ తీయబోయే కుర్రవాళ్లు ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న మాత్రం మారలేదు. "అన్నా, కథను విజువల్‌గా చెప్పాలంటే ఏ కెమెరా తీసుకోమంటారు?" అసలు కథేమిటని నేను అడిగేలోపే అద్దెల లెక్క చెప్పేస్తారు. అప్పు ఎక్కడ పుట్టిందో కూడా చెబుతారు. అది వినలేకే ఇది రాస్తున్నాను.

అపోహ: మంచి కెమెరాతో అందమైన షాట్లు తీస్తే దృశ్యమే కథ చెబుతుంది.

వాస్తవం: ఒక షాట్ ఒంటరిగా చెప్పేది చాలా తక్కువ. దాని పక్కన ఏ షాట్ పడింది అన్నదాన్ని బట్టే అర్థం పుడుతుంది. దాదాపు వందేళ్ల క్రితమే రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు దీన్ని చేసి చూపించాడు. ఒక నటుడి ముఖం, ప్రత్యేకించి ఏ భావమూ లేని ఒకే షాట్. దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక పెట్టాడు. చూసినవాళ్లకు మొదటిసారి ఆకలి కనిపించింది, రెండోసారి దుఃఖం కనిపించింది. ముఖం అదే.

రెండేళ్ల క్రితం ఒక అబ్బాయి హార్డ్ డిస్క్ పట్టుకుని వచ్చాడు. కొడుకు ఫీజు కోసం తండ్రి గేదెను అమ్మే కథ. అమ్మ గాజులు తాకట్టు పెట్టి రెండు రోజులకు కెమెరా, అది కదిలినా కుదుపు రాకుండా పట్టుకునే జింబల్, డ్రోన్ అద్దెకు తెచ్చాడు. రషెస్, అంటే ఎడిట్ చేయని షాట్లు, వేస్తే పొలాల మీద మంచు, ఊరి మీద తిరిగే డ్రోన్, తండ్రి చుట్టూ తిరిగే జింబల్. ఏ ఫ్రేమ్ ఆపినా క్యాలెండర్‌కు పనికొస్తుంది. గేదె ఇక లేదన్న సంగతి మాత్రం ఎక్కడా లేదు. తెల్లవారి తండ్రి పాలచెంబుతో అలవాటుగా పెరట్లోకి వచ్చి, ఆగి, ఒకవైపు చూస్తాడు. ఎటు చూస్తున్నాడు?

"పశువుల పాక షాట్ ఉందా?" అని అడిగాను.

"లేదన్నా. డ్రోన్ వాళ్లు వెళ్లిపోతామంటే ముందు అవి తీశాం" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. రీషూట్‌కు చేతిలో రూపాయి లేదు.

ఊరికి వెళ్లి, తెల్లవారుజామున, తండ్రి నిలబడిన చోటనే నిలబడి, ఆయన కంటి ఎత్తులో ఫోన్ అడ్డంగా పట్టుకుని పాకను తీయమన్నాను. తీసుకొచ్చాడు. ఖాళీ గుంజ, దానికి వేలాడుతున్న పలుపు, కింద ఎండిపోయిన గడ్డి. తండ్రి చూపు తర్వాత నాలుగు సెకన్లు ఆ గుంజ, మళ్లీ తండ్రి. అంతవరకు ఊరికే నిలబడినట్టున్న మనిషి ఇంట్లో ఒకరిని పోగొట్టుకున్నవాడిలా కనిపించాడు. ఫోన్ షాట్ రంగు మిగతావాటితో పూర్తిగా కలవలేదు, రంగులు సరిచేసే డీఐలో కొంత దగ్గరికి తెచ్చాం. చూసినవాళ్లలో ఆ తేడా అడిగినవారు ఒక్కరూ లేరు. డ్రోన్ షాట్లలో చివరికి మిగిలింది ఒక్కటే.

అందుకే ప్రతి సీను పక్కన రాసుకోండి: ఎవరు చూస్తున్నారు, ఏం చూస్తున్నారు, చూశాక ఆ మనిషిలో ఏం మారింది. ఆ షాట్లు చేతికి వచ్చాకే మిగతావి. అప్పు చేసి తీస్తున్నామన్న భయంలో ఖరీదైన పరికరమే ధైర్యంలా కనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ 2015లో 'టాంజరీన్' సినిమాను ఐఫోన్ 5ఎస్‌తో, దానికి తగిలించిన లెన్స్‌తో తీసి థియేటర్లలో వేశారు. సత్యజిత్ రే 'పథేర్ పాంచాలి'కి ముందు, దాని కెమెరామన్ సుబ్రత మిత్రకు సినిమా కెమెరా నడిపిన అనుభవమే లేదు.

మిగతావి త్వరగా చెబుతాను. "ఎడిటింగ్‌లో చూసుకుందాం" అనకండి, తీయని షాట్‌ను ఎవరూ అతికించలేరు. మాటలు తీసేస్తేనే విజువల్ అన్నదీ నిజం కాదు. 'మాయాబజార్'లో మాటలకు కొదవలేదు, అయినా శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని సావిత్రి నడకే చెబుతుంది. నీలం విషాదం, ఎరుపు ప్రమాదం అనే పట్టికలు బట్టీ పట్టకండి. మన ఇంట్లో ఎరుపంటే ముందు గుర్తొచ్చేది కుంకుమ. మీ కథలో ఏ రంగు ఎప్పుడెప్పుడు వస్తుందో దాన్నిబట్టే దానికి అర్థం వస్తుంది. 180 డిగ్రీల గీత సంగతి: మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఒక గీత ఊహించుకుని, కెమెరాను దానికి ఒకే వైపు ఉంచమంటారు. ప్రేక్షకుడు ఎవరు ఎటున్నారో తికమకపడకుండా ఉండటానికే అది. తికమకే కావాలనుకున్న చోట దాటండి.

అద్దెకు అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక ఆదివారం ఇంట్లోవాళ్లనే నిలబెట్టి సినిమా మొత్తం ఫోన్‌లో తీయండి. వరుసగా అతికించి, శబ్దం తీసేసి, కథ తెలియని ఒకరికి చూపించండి. వాళ్లు ఎక్కడ "ఇదేమిటి?" అని అడిగారో ఆ చోటు గుర్తుపెట్టుకుని, ఆ ఫోన్ కట్ పట్టుకుని రండి. ఏ కెమెరా అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.